ఊరివారికి కూడని వినోదము

తమ ఇండ్ల పొరుగున క్యాసినోలు వలదనెడి నగరవాసులు అభివృద్ధినిరోధకులనియు, పరుల సుఖమును చూచి ఓర్వలేనివారనియు, తమ వీథి నిశ్శబ్దముగా నున్న చాలునను స్వార్థపరులనియు ఒక అభిప్రాయము విద్యావంతులలో సైతము ప్రబలియున్నది. ప్రభుత్వమునకు ఆదాయము, యువకులకు ఉద్యోగములు, ఊరికి యాత్రికులు అని మూడు ప్రయోజనములను ఏకరువు పెట్టి, ఇష్టము లేనివాడు అటు పోకుండిన సరిపోవును గదా యని ముగించుట ఈ వాదమునకు పరిపాటి. గోవా రాజధాని పణజిలో మాండవీ నదిపై లంగరు దించుకొని యున్న ఆరు జూదపు నౌకలను గూర్చి ఈ వాదము తరచుగా వినబడుచుండును. మన తెలుగువారి నోట వినబడుటయు వింత గాదు, ఆ నౌకలెక్కువారిలో మనవారికి కొదువ లేదు గనుక.

ద్యూతపర్వమును స్మరింపజేసి నీతి బోధించుట నా సంకల్పము గాదు. ధర్మరాజు ఓటమిని విని జూదము మానినవాడెవ్వడును నాకింతవరకు తారసపడలేదు. పణజి పౌరులు చెప్పునదియు కేవలము నీతి గాదు. పాత సచివాలయము మొదలుకొని కాంపాల్ తోటల వరకు, కళా అకాడమీ మీదుగా మిరామార్ ఇసుకతిన్నెల వరకు, నదిని ఒరసికొని పోవు బాందోడ్కర్ మార్గము ఆ చిన్న నగరమునకు సాయంకాలపు విహారభూమి. నేడచ్చట నౌకలకు జనమును చేరవేయు పడవల రేవులు, దారి కడ్డముగా నిలిచిన కార్లు, రమ్మని పిలుచు దళారులు, తెల్లవారుదాక నదిపై మెరయు రంగుదీపములు. 2017 జులైలో ఇట్టి నౌక యొకటి వర్షాకాలపు సముద్రమునకు తాళలేక మిరామార్ తీరమున ఇసుకలో చిక్కుకొని వారముల తరబడి కదలలేదు. ఇష్టము లేనివాడు పోకుండవచ్చునను మాట హైదరాబాదులో నున్నవానికి చెల్లును గాని, కిటికీ తెరచినంతనే నౌక కంటబడువానికి చెల్లదు. వాడు నౌక కడకు పోలేదు, నౌకయే వాని కడకు వచ్చినది.

ఇక ఈ వాదము యొక్క ఆయువుపట్టును పరిశీలింతము. క్యాసినో నిరపాయమైన వినోదమే యైనచో, దానిని అనుమతించిన ప్రభుత్వములు తమ ప్రజలను దానికి దూరముగా నుంచుటకు ఇంత తాపత్రయపడుట ఏల? గోవాలో జూదమును నిషేధించు శాసనము 1976 నాటిది. 1992లో అయిదు నక్షత్రముల హోటళ్లలో యంత్రజూదమునకును, 1996లో నౌకలపై బల్లజూదమునకును అందులో మినహాయింపులు చేర్చిరి. నౌకలు వచ్చెను, ఆదాయము వచ్చెను, అనంతరము 2020 ఫిబ్రవరి 1 నుండి గోవా వాసులెవ్వరును క్యాసినోలలో ఆడరాదని అదే ప్రభుత్వము కట్టడి చేసెను. గోవా యువకుడు ఆ బల్ల కావల నిలిచి జీతమునకు ముక్కలు పంచవచ్చును, ఈవల కూర్చుండి ఆడరాదు! మొనాకో సంస్థానము తన విఖ్యాతమైన క్యాసినోలో తన పౌరులను ఆడనీయదు. నేపాళము కూడ అంతే. దక్షిణ కొరియాలోని క్యాసినోలలో కొరియనులకు ప్రవేశము గలది ఒక్కటే. సింగపూరు ప్రభుత్వము విదేశీయుని ఉచితముగా లోనికి పంపి, తన పౌరుని వద్ద దినమునకు 150 సింగపూరు డాలర్ల ప్రవేశసుంకము గైకొనుచున్నది. తన పిల్లలను గడప దాటనీయక అతిథులకు మాత్రము వడ్డించు పదార్థమును గూర్చి ఆ గృహస్థు అభిప్రాయమేమో వేరుగ అడుగవలెనా? ప్రభుత్వములు చట్టరూపమున ఒప్పుకొన్న దానినే పణజి పౌరులు నోటితో పలికినచో, అది మాత్రము స్వార్థమెట్లగును?

ఆదాయము లేదని నేననను. లైసెన్సు రుసుముల రూపమున గోవా ఖజానాకు వందల కోట్ల రూపాయలు చేరుచున్నవి, ఉద్యోగములును గలవు. కాని యాత్రికుని ధనము ఊరిలోనికి ప్రవహించునను మాటను కొంచెము తరచి చూడవలెను. నౌక ప్రవేశపు టికెట్టులోనే భోజనము, మద్యము, పాట, నృత్యము ఇమిడియుండును. అతిథి ఊరి హోటలులో అన్నము తినకుండ, ఊరి అంగడిలో గవ్వ ఖర్చుపెట్టకుండ, రాత్రియంతయు లోపలనే యుండుటకై చేసిన ఏర్పాటిది. ఊరికి మిగులునది అతని కారు. కేంద్రము సైతము దీనిని సామాన్య వినోదముగా లెక్కింపక, 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 40 వంతున వస్తు సేవల పన్ను విధించినది. అంతకు నెల ముందు ఆన్‌లైను ధనజూదమును దేశమంతట నిషేధించు శాసనమును పార్లమెంటు ఆమోదించినది. చేతిఫోనులో నేరమైన పని నదిలో పర్యాటకమగుట మన కాలపు విచిత్రములలో నొకటి.

మరి, ఎక్కడనో ఉండనిచ్చి మా ఊర వలదనుట న్యాయమా యని అడుగువారు కలరు. కొన్ని వ్యాపారముల విషయమున దూరమే న్యాయము. బడికిని గుడికిని చేరువ మద్యపు దుకాణము ఉండరాదను నియమమును ఎవ్వరును స్వార్థమనలేదు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యము అమ్మరాదని సుప్రీంకోర్టు 2016లో తీర్పు చెప్పినది. జూదము రాజ్యాంగము రక్షించు వ్యాపారమే కాదని అదే న్యాయస్థానము 1957లోనే తేల్చియున్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1968లో నైపుణ్యక్రీడ యనిపించుకొన్న రమ్మీ మాట వేరు, గిరగిర తిరుగు రూలెటు చక్రమునకు ఆ యోగ్యతాపత్రము లేదు.

మనవారి మాట యింతకంటె చిత్రము. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైను జూదమును నిషేధించినవి. అందులకు హర్షించిన పెద్దమనుష్యులే శుక్రవారము సాయంకాలము గోవా విమానమెక్కి, సోమవారము తిరిగివచ్చి, అక్కడివారికి ప్రగతి యనిన గిట్టదని తీర్పు చెప్పుదురు. తమ ఊరి చెరువులో అట్టి నౌక నొకదానిని నిలుపనిత్తురా యని వారినడిగి చూడుడు.

పణజి పౌరుల పోరాటము నిన్నటిది కాదు. ‘ఆమ్ ఔరత్ ఆద్మీ అగైన్‌స్ట్ గ్యాంబ్లింగ్’ అను సంస్థ పక్షమున స్త్రీలు వీథులకెక్కిరి. ప్రతిపక్షమున నున్నప్పుడు ఈ నౌకలపై ధ్వజమెత్తిన మనోహర్ పారికర్ 2012లో ముఖ్యమంత్రి యైన పిదప, ఆ నౌకల గడువు తీరుట యేమి, పొడిగించుట యేమి, అదియొక ఆనవాయితీ యయ్యెను. మోపా ప్రాంతమునకు తరలింతుమను మాటయు వినవచ్చెను. మోపాలో విమానాశ్రయము వెలసి 2023 జనవరి నుండి పనిచేయుచున్నది, నౌకలు మాత్రము నదిని వీడలేదు. క్యాసినో నిరపాయమని నమ్మువారు ముందుగా 2020 నాటి నిషేధమును ఎత్తివేయుమని గోవా ప్రభుత్వమును కోరవలెను. అది కోరుటకు నోరు రానివారు పణజి పౌరులను స్వార్థపరులనుట మానవలెను.