మందు ఒక్కటే, తీర్పులు రెండు

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని మన పెద్దోళ్ళు ఊరికే అనలేదు. ఈ సామెత మన వాకిళ్ళకే కాదు, వేల మైళ్ళ అవతల యూరప్‌లో జరిగే సైకిల్ పందాలకీ అతికినట్టు సరిపోతుంది. ఆటగాడు బలం కోసం దొంగమందు ఎక్కించుకున్నాడా లేదా అన్నది అక్కడి అభిమానులు వాడి రక్తం చూసి తేల్చరు. వాడి జెండా చూసి తేలుస్తారు. మనోడైతే ‘పాపం, ఇరికించారు’. పరాయోడైతే ‘వాడి మొహం చూస్తేనే తెలుస్తోంది’. ఇదేం తూకం?

ఈ గొడవ మనకెందుకు అని కొందరు అడగొచ్చు. సైకిలంటే కూలోడి బండి. ఈ పందెంలో మొదట్నుంచీ రెక్కలు ముక్కలు చేసుకున్నోళ్ళు కష్టజీవులే. 1903లో ఫ్రాన్సులో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోడానికి ‘టూర్ ద ఫ్రాన్స్’ పెట్టింది. మొదటిసారి గెలిచిన మోరిస్ గారా పొగగొట్టాలు తుడిచి బతికిన మనిషి. మరుసటేడు, 1904లో, ఒక స్థానిక ఆటగాడి అభిమానులు రాత్రిపూట కొండదారిలో కాపుకాసి గారానీ, ఇంకొందర్నీ కొట్టారు. నిర్వాహకులు గాల్లోకి తుపాకీ పేల్చి వాళ్ళని చెదరగొట్టాల్సొచ్చింది. ఆ ఏడు గారా గెలుపును కూడా మోసం జరిగిందని రద్దు చేశారు. అంటే ఆటగాళ్ళ మోసమూ, అభిమానుల పక్షపాతమూ ఈ ఆటకి పుట్టుకతో వచ్చినవే.

మందు ఎందుకొచ్చిందో కూడా చూడాలి. ఇప్పుడు ఈ పందెం మూడు వారాలు. 21 అంచెలు, సుమారు 3,400 కిలోమీటర్లు. మనిషి ఒంటికి మించిన పని. 1924లో పెలిసియే అన్నదమ్ములు ఆల్బేర్ లోంద్ర అనే విలేకరి ముందు తమ సంచులు విప్పి చూపించారు. కళ్ళకి కొకైన్, చిగుళ్ళకి క్లోరోఫాం, మీదనుంచి మాత్రలు! 1967 జూలై 13న ఇంగ్లీషు ఆటగాడు టామ్ సింప్సన్ వాంతూ కొండ మీద ఎండలో సైకిలు మీంచి కూలిపోయి ప్రాణం విడిచాడు. ఒంట్లో ఆంఫెటమిన్లు దొరికాయి. తర్వాత 1990లలో ‘ఇ.పి.ఓ.’ వచ్చింది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీదున్నవాళ్ళకి రక్తం పట్టడానికి ఇచ్చే ఇంజక్షన్ అది. ఆరోగ్యంగా ఉన్నోడు పొడిపించుకుంటే ఎర్రకణాలు పెరిగి అలుపు తగ్గుతుంది. రక్తం చిక్కబడి గుండె మీదికొస్తుంది. దాన్ని పట్టే పరీక్ష 2001 దాకా పందాల్లోకి రాలేదు. అప్పటిదాకా ఎవడి ధైర్యం వాడిది.

ఇక తీర్పుల సంగతికొద్దాం. 1998 జూలైలో ఫెస్తినా అనే టీము పనివాడు విల్లీ వూట్ కారు నిండా మందులతో ఫ్రాన్సు సరిహద్దులో దొరికాడు. మందుల పని టీములో అందరికీ తెలిసే జరిగిందని తర్వాత బయటపడింది. టీమును పందెంలోంచి గెంటేశారు. దాని నాయకుడు రిషార్ విరాంక్ ఫ్రాన్సుకి ముద్దుబిడ్డ. నాకేం తెలీదు అని ఏడ్చాడు. రెండేళ్ళు అదే మాట. చివరికి 2000 అక్టోబరులో కోర్టులో ఒప్పుకున్నాడు. తీర్పేమొచ్చింది? మందులు మోసిన వూట్‌కి శిక్ష, అమలు కాకపోయినా శిక్షే. మందులు వాడిన విరాంక్ కోర్టులో నిర్దోషి! ఆట పెద్దలు కొన్ని నెలలు పక్కన పెట్టారంతే. తిరిగొచ్చి 2002లో అదే వాంతూ కొండ మీద గెలిస్తే జనం జేజేలు కొట్టారు.

ఆ దేశపు రోడ్ల మీదే 2015లో ఏమైందో చూడండి. కెన్యాలో పుట్టి బ్రిటన్ తరఫున ఆడే క్రిస్ ఫ్రూమ్ ముందంజలో ఉన్నాడు. అప్పటికి ఏ పరీక్షలోనూ దొరకలేదు. అయినా రోడ్డు పక్కనున్న ఒకడు ‘దొంగమందుగాడా’ అని అరిచి మొహాన ఉచ్చ పోశాడు. ఒప్పుకున్నోడికి పూలదండ, దొరకనోడికి ఉచ్చ! ఆ ఫ్రూమ్‌కే 2017లో ఉబ్బసం మందు మోతాదు మించిందని తేలింది, 2018లో తప్పు లేదన్నారు. అప్పుడు బ్రిటన్ అభిమానులు రాత్రికి రాత్రి డాక్టర్లైపోయి ఉబ్బసం మందు మీద పాఠాలు చెప్పారు. అదే మందు ఇటలీవోడి ఒంట్లో తేలితే ఆ పాఠాలు చెప్పేవాళ్ళా?

ఎవరూ తక్కువ తినలేదు. ఇటలీవాళ్ళు మార్కో పంతానిని దేవుణ్ణి చేశారు. 1999లో రక్తం హద్దు దాటిందని అతన్ని ఇటలీ పందెం నుంచి దించేశారు. 2004లో ఒక హోటల్ గదిలో ఒంటరిగా చచ్చిపోయాడు. 1998 నాటి అతని శాంపిల్‌లో ఇ.పి.ఓ. ఉన్నట్టు 2013లో ఫ్రాన్సు సెనేట్ నివేదిక చెప్పింది. అయినా 1998 గెలుపు అతని పేరనే ఉంది, ఏటా ఒక కొండకి అతని పేరు పెడతారు. అమెరికావోడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు గెలుపులూ మాత్రం 2012లో తుడిచేశారు. తుడవడం న్యాయమే. మరి మందు ఒక్కటే అయినప్పుడు తుడుపుగుడ్డ ఒక్కడి దగ్గరే ఎందుకాగింది? స్పెయిన్‌లో కోంటాడోర్ దొరికి, తిన్న గొడ్డుమాంసంలోంచి మందొచ్చిందంటే 2011లో ఏకంగా ప్రధానమంత్రే వెనకేసుకొచ్చాడు. మరుసటేడు క్రీడల కోర్టు రెండేళ్ళ నిషేధం వేసింది.

ఇప్పటి సంగతీ అంతే. 2023లో డెన్మార్క్ ఆటగాడు వింగెగార్డ్ 22 కిలోమీటర్ల పరుగులో స్లొవేనియా ఆటగాడు పొగాచర్‌ని నిమిషంన్నర పైగా వెనకేస్తే పొగాచర్ అభిమానులు ‘ఇది మనిషి చేసే పనేనా’ అన్నారు. 2024లో పొగాచర్ ఒక కొండని 1998 నాటి పంతాని కంటే మూడు నిమిషాల పైగా ముందే ఎక్కేస్తే వాళ్ళే ‘సైకిలు మంచిది, టైరు మంచిది, తిండి మంచిది’ అన్నారు. అవతలి పక్షం నోట అవే మాటలు తిరగేసి వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ పరీక్షలో దొరకలేదు. అనుమానమైనా నమ్మకమైనా ఇద్దరికీ ఒకే కారణంతో ఉండాలి గదా!

అభిమానం ఎవరిష్టం వాళ్ళది, దాంతో ఎవరికేం నష్టం అంటారేమో. నష్టం ఉంది. అది పడేది చిన్నోళ్ళ మీద. 1999లో క్రిస్టోఫ్ బాసోన్ అనే ఫ్రెంచి ఆటగాడు ‘నేను మందు ముట్టను, ఇక్కడ అంతా శుభ్రంగా లేదు’ అని పత్రికలో రాశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి వెళ్ళిపొమ్మన్నాడు. సొంత టీమువాళ్ళే మొహం తిప్పుకున్నారు. అతను పందెం మధ్యలో ఇంటికెళ్ళిపోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ టీములో ఆటగాళ్ళ ఒళ్ళు పట్టి, సామాను మోసిన ఐర్లండ్ అమ్మాయి ఎమ్మా ఓరైలీ 2004లో నిజం చెప్పింది. ఆమె మీద కేసు పెట్టారు, నోటికొచ్చినట్టు తిట్టారు. 2013 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ టీవీలో ఒప్పుకునేదాకా ఆమె అబద్ధాలకోరే. అంతకాలం ఆయన్ని మోసిన అభిమానుల్లో ఎంతమంది ఆమెకి క్షమాపణ చెప్పారు?

ఇంకొకటి చూడండి. కొలంబియా కొండల్లోని రైతుబిడ్డ నైరో కింతానా 2022లో నొప్పి మాత్ర ట్రమడాల్ ఒంట్లో ఉందని టూర్‌లో ఆరో స్థానం పోగొట్టుకున్నాడు. నేను వాడలేదన్నాడు. రూలు ప్రకారం అతని మీద నిషేధమే లేదు. అయినా 2023 అంతా ఏ పెద్ద టీమూ చేర్చుకోలేదు. స్పెయిన్ ఆటగాడు వాల్వెర్దెకి రక్తం సంచుల కేసులో రెండేళ్ళ నిషేధం పడింది. 2012లో నిషేధం తీరగానే టీము సిద్ధంగా ఉంది, 2018లో ప్రపంచ విజేత కూడా అయ్యాడు. నిషేధం పడనోడు ఏడాది ఇంట్లో కూచున్నాడు, పడినోడు వెంటనే పనిలోకెక్కాడు. రైతుబిడ్డకి పలుకుబడి ఎక్కడిది?

అనుమానించొద్దని మేము అనడం లేదు. ఇంత చరిత్ర చూశాక అనుమానించనోడు అమాయకుడన్నా కావాలి, లాభం ఉన్నోడన్నా కావాలి. మేము అడిగేది ఒకే కొలత. మనోడి మీద వెయ్యలేని నింద పరాయోడి మీద వెయ్యొద్దు. పరాయోణ్ణి అడిగే లెక్క మనోణ్ణి ముందు అడగాలి. మందు మోసినోణ్ణే కాదు, మోయించిన టీము యజమానినీ, రాసిచ్చిన డాక్టర్నీ నిలబెట్టాలి. నిజం చెప్పినోడి పని పోకుండా కాపాడాలి. జెండా కప్పుకుని చేసిన మోసాన్ని ముందుగా పట్టుకోవాల్సింది ఆ జెండా కిందున్న జనమే.