స్పోర్ట్స్ కారుకు పొట్టి స్ప్రింగులు అవసరమా?

మోటారు వాహనములయందు ఆసక్తి గల యువకుల మధ్య తరచుగా చర్చకు వచ్చు ప్రశ్న ఒకటి కలదు. కర్మాగారమునుండి వచ్చిన స్పోర్ట్స్ కారు స్ప్రింగులను తీసివేసి, అంగడిలో విడిగా దొరకు పొట్టి స్ప్రింగులను బిగించి, కారును రెండు మూడు సెంటీమీటర్లు నేలవైపునకు దించవచ్చునా? చూచుటకు ఇది చిన్న విషయమే. కాని కారు బరువంతయు ఆ నాలుగు స్ప్రింగుల మీదనే నిలిచియున్నది. అందు కూర్చున్న వారి క్షేమమును, బాటవెంట నడచు వారి క్షేమమును కొంతవరకు వాటి మీదనే ఆధారపడియున్నవి. కావున ఈ విషయమున మా అభిప్రాయమును విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచదలచితిమి.

ముందుగా అనుకూల వాదమును న్యాయముగా వినవలెను. కారు క్రిందికి దిగినచో దాని గురుత్వ కేంద్రము కూడ దిగును. మలుపులో బయటి చక్రముల మీదికి మరలు భారము తగ్గును. నాలుగు టైర్లును నేలను మరింత సమముగా పట్టుకొనును. స్ప్రింగు కొంత గట్టిపడుటచేత కారు ఒరగుట తగ్గి, స్టీరింగు త్రిప్పిన వెంటనే స్పందించును. చక్రమునకును మడ్గార్డుకును నడుమ నుండు ఖాళీ తగ్గి, కారు చూపులకు ముచ్చటగా నుండును. పూర్తి సస్పెన్షను మార్చుటకంటె స్ప్రింగులు మాత్రమే మార్చుట చవుక. ఈ మాటలలో ఏదియు అబద్ధము కాదు.

అయితే లాభమెంతయో లెక్క కట్టి చూడవలెను. వేయి కిలోల బరువు గల కారు ఒకటి కలదనుకొందము. దాని గురుత్వ కేంద్రము నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. కుడి ఎడమ చక్రముల నడిమి దూరము 140 సెంటీమీటర్లు. భూమ్యాకర్షణ త్వరణములో పదింట ఎనిమిది వంతుల పార్శ్వ త్వరణముతో అది మలుపు తిరిగినచో, లోపలి చక్రముల నుండి బయటి చక్రములకు సుమారు 286 కిలోల భారము మరలును. కారును 3 సెంటీమీటర్లు దించినచో ఆ భారము 269 కిలోలగును. అనగా తగ్గినది నూటికి ఆరు పాళ్ళు. పందెపు బాటమీద ఈ ఆరు పాళ్ళకు విలువ గలదు. కళాశాలకు వచ్చి పోవు దారిలో దానిని కనిపెట్టగల వారు అరుదు.

ఇక నష్టమును లెక్కింతము. చక్రము గతుకు మీది కెక్కినపుడు పైకి కదలుటకు అసలు 7 సెంటీమీటర్ల చోటున్నదనుకొందము. కారు 3 సెంటీమీటర్లు దిగిన పిమ్మట మిగులునది నాలుగే. స్ప్రింగు గ్రహించు శక్తి, అది అణగిన దూరపు వర్గమును బట్టి యుండునని మన పాఠ్య గ్రంథములు చెప్పుచున్నవి. ఏడు యొక్క వర్గము 49. నాలుగు యొక్క వర్గము 16. అదే దెబ్బను ఆ చిన్న చోటులో ఆపవలెనన్నచో స్ప్రింగు మూడు రెట్లు గట్టిగా నుండవలెను. విపణిలో దొరకు పొట్టి స్ప్రింగులు అంత గట్టివి కావు. అంత గట్టివైనచో కూర్చొనువారు ఓర్వలేరు. కావున మిగిలిన దెబ్బ చివరనుండు రబ్బరు అడ్డుమీద పడును. మలుపు నడుమ ఈ సంగతి జరిగినచో, ఆ చక్రము ఒక్కసారిగా బిగుసుకొని టైరు పట్టు తప్పవచ్చును. కారు ఒరగుట తగ్గినదని సంతసించిన వాడు, పట్టు అకస్మాత్తుగా తప్పుటను కొనితెచ్చుకొన్నవాడగును.

అంతటితో తీరదు. స్ప్రింగు ఒంటరి వస్తువు కాదు. దాని ఊగును అణచుటకు డాంపరు, అనగా మనము వాడుకలో షాక్ అబ్జార్బరు అనునది, జంటగా నున్నది. స్ప్రింగు గట్టిదనము నాలుగవ వంతు పెరిగినచో ఊగు వేగము సుమారు నూటికి పన్నెండు పాళ్ళు పెరుగును. పాత డాంపరు మెత్తని స్ప్రింగుకై కూర్చబడినది. ఈ క్రొత్త ఊగును అది చాలినంతగా అణచజాలదు. చక్రముల కోణములు మారి టైర్లు ఒకవైపు అరుగును. మాక్ఫర్సన్ స్ట్రట్ పద్ధతి గల కార్లలో, దించుట ఎక్కువైన కొలది కారు ఒరగు కేంద్రము గురుత్వ కేంద్రముకంటె త్వరగా దిగిపోవును. అందుచేత ఒరగుటను తగ్గింపవలెనని దించిన కారులో ఒరగించు బలమే పెరుగు వింత సంభవించును.

ఇందుకు మంచి ఉదాహరణము జపాను దేశపు మాజ్డా ఎం.ఎక్స్.-5. 1989లో షికాగో ప్రదర్శనలో లోకమునకు పరిచయమైన ఈ చిన్న తెరపు కారును తోషిహికో హిరాయ్ నాయకత్వమున ఇంజనీర్లు రూపొందించిరి. గుర్రమును రౌతును ఒక్కటైనట్లుండవలెనన్నది వారి ఆదర్శము. తేలికదనమును, నాలుగు చక్రములకు డబుల్ విష్‌బోన్ అమరికను వారు ఎన్నుకొనిరి. ఆ కారు మలుపులో కొంత ఒరగును. చాలమంది దీనిని లోపమని యెంచి వెంటనే పొట్టి స్ప్రింగులు వేయుదురు. కాని ఆ ఒరగుటయే పట్టు ఎంత మిగిలియున్నదో నడుపువానికి తెలుపు భాష. బ్రిటనులో కాలిన్ చాప్మన్ 1962లో వెలువరించిన లోటస్ ఎలాన్ కూడ మెత్తని స్ప్రింగులతోనే మలుపులలో పేరుగాంచినది. గట్టి స్ప్రింగే వేగమునకు గుర్తన్న నమ్మకము సరి కాదని ఈ రెండును చాటుచున్నవి.

మన దేశపు బాటల సంగతి వేరుగా చెప్పనవసరము లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము కట్టిన స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. ప్రమాణము లేకుండ కట్టినవి ఎన్నియో. పెక్కు స్పోర్ట్స్ కార్ల అడుగు నేలకు 12 మొదలు 14 సెంటీమీటర్ల ఎత్తున నుండును. అందులో మూడు తీసివేసినచో మిగులునదెంత? చట్టమును గమనింపవలెను. నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనిని దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతి లేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. కావున ఏ మార్పునకైనను ముందు రవాణా కార్యాలయములో విచారించుట, బీమా సంస్థకు తెలుపుట కర్తవ్యము.

ఇన్ని కారణములచేత, నిత్యము బాటమీద తిరుగు కారుకు కేవలము అందమునకై పొట్టి స్ప్రింగులు వేయరాదన్నది మా నిశ్చితాభిప్రాయము. పందెపు బాటకై సిద్ధము చేయువారు వేయవచ్చును. అయితే స్ప్రింగులను డాంపర్లను ఒకదానికొకటి తగినట్లుగా ఒకే మారు మార్చవలెను, కొద్దిగానే దింపవలెను, పిదప చక్రముల కోణములను, దీపముల దృష్టిని సరిచేయించవలెను. అణచిపెట్టిన స్ప్రింగు జారినచో ప్రాణాపాయము కలుగును గనుక ఆ పనిని నేర్పరియగు మెకానిక్కునకే అప్పగింపవలెను. ఇక మిగిలిన వారు ఆ సొమ్ముతో మంచి టైర్లు కొని, అరిగిన డాంపర్లను, రబ్బరు బుష్‌లను మార్పించుకొన్నచో ఎక్కువ ఫలము పొందుదురు. పాత కారు ఒరగుటకు తరచుగా అరుగుదలయే కారణము.

మా కళాశాల పాలకవర్గమునకు ఒక విన్నపము. రెండు స్ప్రింగులు, కొన్ని తూకపు రాళ్ళు, ఒక కొలబద్ద ఉన్నచో పైన చెప్పిన లెక్కను భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక్క పూటలో కన్నులకు కట్టించవచ్చును. అట్టి ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేయించినచో, విద్యార్థులు విక్రేతల ప్రకటనలను కాక తమ కొలతలను నమ్మి నిర్ణయించుకొందురు. రౌతు కొద్దీ గుర్రమని పెద్దలు చెప్పిరి. కారు విషయమునను అంతే. గుర్రపు కాళ్ళు కురచ చేసినంత మాత్రమున రౌతు నేర్పరి కాజాలడు.