విడివిడిగా రేటు రాయనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు

"అంతా కలిపి ఇంత బాబాయ్, నీకు తెలియనిదేముంది!" ఫైబర్ బోటు కొనడానికి వెళ్లిన మత్స్యకారుడికి డీలరు చెప్పేది ఈ ఒక్క ముక్కే. బోటుకు ఎంత, ఇంజినుకు ఎంత, వలకు ఎంత, పన్నెంత అని అడిగితే మొహం చిట్లిస్తాడు. అయిదు వేలు తగ్గించి, బేరం తెగిందని చెయ్యి కలుపుతాడు. లెక్క చూపించని రేటులో అయిదు వేలు తగ్గితే ఏం, యాభై వేలు తగ్గితే ఏం? ఎందులోంచి తగ్గించాడో కొన్నవాడికి తెలియనప్పుడు అది బేరమే కాదు.

తగ్గించిన డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడో చూడండి. అచ్చులో ముందు జెల్ కోటు పూస్తారు. దాని మీద రెసిన్‌లో తడిపిన గ్లాసు మ్యాటు పొర మీద పొర వేస్తారు. ఒక పొర ఎగ్గొట్టినా, పైన రంగు పడ్డాక పట్టుకోవడం ఎవరితరం? ఔట్‌బోర్డు ఇంజిను బిగించే వెనక పలకలో నాసిరకం ప్లైవుడ్ పెట్టి, అంచులు సరిగ్గా మూయకుండా వదిలేస్తే ఉప్పునీరు లోపలికి దిగి చెక్క కుళ్లుతుంది. కెరటం మధ్యలో ఇంజిను ఊగడం మొదలైనప్పుడు ఆ బోటులో ఉండేది డీలరు కాదు, మన పిల్లలు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆలోగా బోటు చేతికి రాకపోతే సీజను మొదట్లోనే వేట పోతుంది. ఈ తొందర డీలరుకు బాగా తెలుసు. అందుకే "ఇవాళ అడ్వాన్సు కట్టకపోతే బోటు ఇంకొకరికి పోతుంది" అంటాడు. చేతిలో డబ్బు లేనివాడు చేపల షావుకారు దగ్గర బాకీ తెస్తాడు. ఆ బాకీ తీరేదాకా పట్టిన చేపంతా షావుకారు చెప్పిన ధరకే పోయాలి. బోటు దగ్గర ఎక్కువ కట్టిన ప్రతి రూపాయీ రేవులో చేప ధర తెగ్గోస్తుంది.

ఇక సబ్సిడీ సంగతి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారుల పాత పడవ స్థానంలో కొత్త పడవకు, వలలకు కలిపి యూనిట్ ధర 5 లక్షలు. అందులో 40 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ, మహిళలకైతే 60 శాతం. సబ్సిడీని లెక్కగట్టడానికి పెట్టిన ఆ అంకె చూసుకుని డీలరు తన రేటు మొదలుపెడితే, మత్స్యకారుడి కోసం ఇచ్చిన డబ్బు షాపు గల్లాలో పడుతుంది. ఇది దోపిడీ. దీన్ని వ్యాపారమని సమర్థించేవాళ్లు ఒక్కసారి రేవుకొచ్చి మాట్లాడాలి.

మత్స్యశాఖను నిలదీసి అడుగుతున్నాను: ఎన్ని పొరలు వేశారో, ఇంజిను నంబరేమిటో, దేని ధర ఎంతో విడివిడిగా రాయని బిల్లుకు సబ్సిడీ ఎందుకు విడుదల చేయాలి? రంగు వేయకముందే యార్డుకు వెళ్లి బోటును ఎందుకు పరీక్షించరు?

సహకార సంఘాలు సభ్యత్వ రుసుము వసూలు చేసి ఊరుకుంటే సరిపోదు. ఊళ్లో పదిమందికి బోట్లు కావాలంటే పదిమందీ కలిసే వెళ్లాలి, రెండు మూడు యార్డుల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కడిని తొందరపెట్టగలిగిన డీలరు పది బోట్ల ఆర్డరును అంత తేలిగ్గా వదులుకోడు. అప్పుడు కాగితం తీసి లెక్క రాస్తాడు. రాయనంటే ఆ యార్డు గడప ఎవరూ తొక్కకండి.