నా కంచం కుల ధ్రువపత్రం కాదు

తెలుగువాళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చుని మాంసం వద్దంటే ఏమేం అడుగుతారో నాకు కంఠతా వచ్చు. మాల వేసుకున్నావా? ఇవాళ శనివారమా? కార్తీకమని మానేశావా? ఏమైనా మొక్కుందా? డాక్టరు వద్దన్నాడా, కొలెస్ట్రాలా? ఇవేవీ కావని తేలాక కొంచెం గొంతు తగ్గించి ఆఖరి ప్రశ్న వేస్తారు: మీరు బ్రాహ్మలా, కోమట్లా? దేవుడు, రోగం, కులం. మనిషి మాంసం మానడానికి మనవాళ్ళకు తోచే కారణాలు ఈ మూడే. కోసిన ఆ ప్రాణి కోసమే మానేశానని చెబితే కాసేపు తెల్లమొహం వేసి, "పోనీలే అమ్మా, ముక్క తీసేసి పులుసు పోసుకో" అంటారు.

నేను మానింది కోడి కోసం, మేక కోసం, గేదె కోసం. తినడానికి వేరే ఉండగా, నొప్పి తెలిసిన ప్రాణిని నా నాలుక కోసం చంపించకూడదని నా నమ్మకం. ఆ దారిన ఇంకొంచెం నడిచేసరికి పాలు, పెరుగు, నెయ్యి కూడా వదలక తప్పలేదు. పెరుగన్నం తినందే చెయ్యి కడగని ఇంట్లో పుట్టినదాన్ని, ఆ లోటు ఎంతటిదో నాకు తెలుసు. ఇంత సూటి మాటను నేనుండే దక్షిణ ఢిల్లీ సాకేత్‌లో చెప్పబోతే, నా నోట్లోంచి దాన్ని లాక్కుని మనుషుల్ని వెలివేయడానికి వాడుకునేవాళ్ళు తయారుగా ఉన్నారు. నా కోపం వాళ్ళ మీద.

సాకేత్‌లోనో మాలవీయ నగర్‌లోనో ఇల్లు వెతికిన తెలుగువాళ్ళను అడిగి చూడండి. అడ్వాన్సు సంగతి రాకముందే బ్రోకర్ "వెజ్ హో యా నాన్‌వెజ్?" అంటాడు. ఆ ప్రశ్న దేని గురించో అడిగేవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు. ముస్లింవా, దళితుడివా, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చావా అని మొహం మీద అడగడానికి నోరు రానివాళ్ళు కంచం మీదుగా కూపీ లాగుతారు. నేను మాంసం తిననని చెప్పగానే ఒక ఇంటాయన చేతులు జోడించి, మీలాంటి సంస్కారం ఉన్నవాళ్ళ కోసమే చూస్తున్నాం అన్నాడు. నా అంతరాత్మకు సంబంధించిన నిర్ణయాన్ని ఒక్క క్షణంలో కుల ధ్రువపత్రంగా మార్చి చేతికిచ్చాడు. ఆ ఇంట్లో నేను దిగలేదు.

ప్రెస్ ఎన్‌క్లేవ్ మార్గ్‌లో నిలబడి రెండు పక్కలా చూడండి. ఇటు సెలెక్ట్ సిటీవాక్, దాన్ని ఆనుకుని మిగతా మాల్స్. అటు హౌజ్ రాణి, తుగ్లక్‌ల కాలంనాటి మసీదున్న ఖిడ్కీ గ్రామం. మాల్‌లో కూర్చుని మాంసం తినేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, జేబులో డబ్బుంటే చాలు. అదే మనిషి బయటికొచ్చి కాలనీలో రెండు గదులు అద్దెకు అడిగితే వాడి వంటింటి మీద విచారణ మొదలవుతుంది. కోడి ప్రాణం మీద అంత బెంగ ఉన్నవాళ్ళు మాల్ ముందు కూడా నోరెత్తాలి కదా? ఎత్తరు. కోడి ఏమైపోయినా వాళ్ళకు పట్టదు. పక్క వాటాలో ఎవరుంటారన్నదే వాళ్ళ బెంగ.

2022 ఏప్రిల్‌లో, చైత్ర నవరాత్రుల్లో, అప్పటి దక్షిణ ఢిల్లీ మేయర్ మాంసం దుకాణాలు మూయించమని కమిషనర్‌కు లేఖ రాశాడు. సాకేత్ కూడా అప్పట్లో ఆ కార్పొరేషన్ పరిధిలోనే ఉండేది. ఉత్తర్వు ఏదీ వెలువడకపోయినా భయంతో ఐఎన్ఏ మార్కెట్‌లో షట్టర్లు దిగిపోయాయి. దానివల్ల ఒక్క కోడి బతికి బట్టకట్టిందా? పండగ వెళ్ళగానే అదే బోనులోంచి తీసి కోస్తారు. పోయింది మాత్రం కత్తి పట్టుకుని రోజుకూలికి నిలబడే కుర్రాళ్ళ సంపాదన. జంతువుకు ఒక్క పూట మేలు చేయకుండా మనిషి పొట్టకొట్టే పనికి అహింస అని పేరు పెట్టడం నాకు అసహ్యం.

మాంసం పేరు చెప్పి మనిషిని ద్వేషించడం ఎందాకా పోతుందో ఢిల్లీ చుట్టూ ఉన్న ఎన్‌సీఆర్‌కు తెలుసు. 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాహ్‌డా గ్రామంలో, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు పట్టుకుని ఒక గుంపు మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపింది. తర్వాత ఆ మాంసం ఏ జంతువుదో తేల్చడానికి ల్యాబులకు పంపారు, నెలల తరబడి వాదించుకున్నారు. పాలు కూడా ముట్టని మనిషిగా చెబుతున్నాను: ఆ ఇంట్లో దొరికింది ఏ మాంసమైనా సరే, ఆ రాత్రి జరిగింది హత్య. దీనికి "కానీ" అని చేర్చే శాకాహారితో నాకు పొత్తు లేదు.

ఇక పాలూ నెయ్యీ తినే శుద్ధ శాకాహారం సంగతి. మా ఊళ్ళో గేదె ఈనితే పెయ్యదూడ పుట్టిందా, దున్నదూడ పుట్టిందా అన్నది ముందు చూసేవాళ్ళు. పెయ్య అయితే సంబరం. దున్న అయితే చేపుకోసం రెండు చప్పరింతలు, ఆపైన పలుపు లాగి గుంజకు కట్టెయ్యడం. అరకలు పోయి ట్రాక్టర్లొచ్చాక దున్నపోతుతో పనేముంది? పాలు దక్కక అది చిక్కి చచ్చిపోతే తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్ళు. గేదె ఆ గడ్డిదూడను నాకుతూ చేపేది. మేం ఆ పాలే తాగాం. పాలకోసం పెంచేవాళ్ళు దుర్మార్గులని నేను అనడం లేదు. నాలుగు గేదెల మీద బతికే ఇంట్లో ఒక దున్నదూడను ఏళ్ళ తరబడి మేపడం అయ్యే పని కాదు. పాల వ్యాపారం నడిచే తీరే అది.

ఢిల్లీలో అదే తీరు ఇంకా పెద్దదై కనిపిస్తుంది. ఈ నగరంలో 9 డైరీ కాలనీలున్నాయి. వాటి పరిస్థితి మీద 2024లో ఢిల్లీ హైకోర్టు విచారణ జరిపింది. పాలకోసం ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడవడం జంతుహింసే అవుతుందని, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద కేసులు పెట్టాలని చెప్పింది. ఘాజీపూర్, భల్‌స్వా డైరీలు చెత్తకొండల పక్కనే ఉన్నాయని, ఆ చెత్త మేసిన పశువుల పాలు పిల్లలు తాగుతారని ఆందోళనపడింది. ఘాజీపూర్‌కు వెళితే డైరీ, చెత్తకొండ, కోళ్ళ మండీ, కబేళా ఒకే పేటలో కనిపిస్తాయి. మన దేశం 2023-24లో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు తీసింది, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ. గేదె మాంసం ఎగుమతిలోనూ ముందు వరసలో ఉంది. వట్టిపోయిన గేదె, పనికిరాని దున్న ఎక్కడికి పోతాయనుకున్నారు? రోజూ పావుకిలో పనీరు, నేతి మిఠాయిలు తింటూ మా ఇల్లు శుద్ధం, నీ వంట మైల అని అద్దెకొచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపే హక్కు మీకెవరిచ్చారు? కబేళా దాకా పోయే ఆ దారి మీ ఫ్రిజ్ ముందునుంచే పోతోంది.

గుడ్డు మాట కూడా చెప్పాలి. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. గుడ్ల కోళ్ళ హేచరీలో పుట్టిన మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ పనికిరాదు, పుట్టినరోజే చంపేస్తారు. పెట్టను ముక్కు కొసలు కత్తిరించి, రెక్క విప్పడానికి వీల్లేని ఇనుప బోనులో పెడతారు. అందుకే నేను గుడ్డు తినను. అయితే బడిలో మధ్యాహ్న భోజనానికి కూర్చున్న పిల్ల విస్తట్లోంచి గుడ్డు తీసేస్తామంటే వాళ్ళకు ఎదురు నిలబడతాను. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టనివ్వలేదు. గుడ్డు మానడం నాకు చెల్లుతుంది: పప్పు, వేరుశెనగలు, నువ్వులు, ఉలవలు, సోయా కొనుక్కోగలను, బి12 మాత్ర వేసుకోగలను. పస్తులున్న బిడ్డ ముందు నిలబడి నా వ్రతాన్ని దానిచేత చేయించడం కర్కశత్వం. ఆ బిడ్డకు గుడ్డుకు సమానమైన తిండి, కడుపునిండా, రోజూ పెట్టగలిగిన రోజున మాట్లాడదాం.

2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 98 శాతానికి పైగా జనం మాంసాహారులని తేలింది. నా జనం వాళ్ళే. తరతరాలుగా పొలం ఇవ్వక, నెయ్యి తాకనివ్వక, చచ్చిన గొడ్డును మీరే మొయ్యండని అప్పజెప్పి, చివరికి ఆ మాంసం తిన్నందుకే అంటరానివాళ్ళన్న సమాజం మనది. 1948లో అంబేడ్కర్ ది అన్‌టచబుల్స్ పుస్తకంలో ఈ ముడి గురించే రాశారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకున్నప్పుడు వాళ్ళు అడిగింది గౌరవం. ఆ గౌరవాన్ని ఒప్పుకోకుండా పశువు గురించి నేను మాట్లాడే మాట ఎవరికీ ఎక్కదు, ఎక్కకూడదు కూడా.

అయితే ఇక్కడ నా ప్రగతిశీల మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. జంతువుల గురించి మాట్లాడకు, అది వాళ్ళ చేతికి ఆయుధమవుతుంది అంటారు. ఇన్నాళ్ళూ మనం మాట్లాడకపోబట్టే అది వాళ్ళ సొత్తయింది. కరుణను ద్వేషించేవాళ్ళకు ధారపోసి, బోనులోని కోడి మొహం చూడకుండా తిరిగిపోవడం ప్రగతి ఎలా అవుతుంది? కులం పోవాలనే మనిషే కబేళా గురించీ అడగాలి. ఆ కబేళాలో నెత్తుటి నేల మీద నిలబడి పనిచేసేది ఎవరో కూడా అడగాలి.

గాంధీజీ 1912లో పాలు మానేశారు. చివరి చుక్క దాకా పిండడానికి కలకత్తాలో పశువుల్ని పెట్టే హింసల గురించి చదవడం దానికి ఒక కారణం. తర్వాత జబ్బుపడి మేకపాలకు ఒప్పుకున్నందుకు చాలా బాధపడ్డారు. 1931 నవంబర్ 20న లండన్ శాకాహార సంఘంలో మాట్లాడుతూ, ఒంటికోసం మానినవాళ్ళు నిలబడరని, నీతే పునాది కావాలని అన్నారు. ఆ సభలోనే శాకాహారులకు సహనం, వినయం ఉండాలని కూడా హెచ్చరించారు. మన కాలనీల్లో ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు ఈ రెండో సగాన్ని మింగేశారు.

మాంసం మానిన ఇంటి యజమానులారా, మీ గేటుకు "ఓన్లీ వెజిటేరియన్" బోర్డు ఉంటే ఈరోజే తీసేయండి. బ్రోకర్‌కు ఫోన్ చేసి ఇకమీద ఆ ప్రశ్న అడగొద్దని చెప్పండి. అద్దెకొచ్చినవాళ్ళు అద్దె కడతారు, వాళ్ళకు నచ్చింది వండుకుంటారు. మీకు నిజంగా పశువు మీదే దయ ఉంటే మసూద్‌పూర్ డైరీ, మదన్‌పూర్ ఖాదర్ డైరీ సాకేత్‌కు ఎంతో దూరంలో లేవు. ఒక ఉదయం పాలు పిండే వేళకు వెళ్ళి, కోర్టు చెప్పినవి ఎంతవరకు అమలయ్యాయో చూసి, అధికారులను రాతపూర్వకంగా నిలదీయండి. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నేను వస్తాను.