బెడ్లెన్నో కనుక్కో!

మొన్న రాత్రి పదకొండున్నరకి మా అక్క ఫోన్. "ఒరేయ్, ఓటీపీ రావట్లేదురా. నువ్వు సాఫ్ట్‌వేరేగా, కాస్త చూడు!" మన ఇళ్లల్లో అంతే కదా. ప్రింటర్ నుంచి ఓటీపీ దాకా అన్నీ మన ఖాతాలోనే.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. జీఎన్ఎం చేసి, గుంటూరులో ఓ చిన్న ప్రైవేటు హాస్పిటల్లో ఎనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుంటోంది. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే చాలదట. అక్కడ ఎన్‌వోసీ తీసుకుని, తెలంగాణ కౌన్సిల్లో మళ్లీ నమోదు కావాలి. నేను బెంగళూరు నుంచి హైదరాబాద్ మారినప్పుడు లాప్‌టాప్ బ్యాగు తప్ప ఏమీ మోయలేదు.

"నీకెందుకే ఇంత తతంగం?" అన్నాను.

"నువ్వు కోడ్ తప్పు రాస్తే యాప్ ఆగిపోద్ది. నేను డోసు తప్పిస్తే?" అంది. ఇంకేం మాట్లాడను!

ఓటీపీ కోసం చూస్తూనే కాస్త చదివా. 1947 నాటి చట్టంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడింది. ఏ కోర్సులో ఏం నేర్పాలో అది చెబుతుంది. నర్సుల పేర్లు నమోదు చేసేది రాష్ట్రాల కౌన్సిళ్లు. 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పాత కౌన్సిల్ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్, దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ రిజిస్టర్ ఉండాలన్నది అందులోని మాట. అది పూర్తిగా పనిచేస్తే అక్కలాంటి వాళ్లకి ఈ తిరుగుడు తగ్గుతుందని నా ఆశ.

"మరి నీ జీతం సంగతి ఈ కౌన్సిల్ చూడదా?" అనడిగా. పదమూడు వేలు మరి!

"ఫీజు కట్టినప్పుడల్లా ఎవరో నా గురించి కూడా చూస్తున్నారనే అనుకున్నారా" అంది.

అసలు తేడా అక్కడే ఉంది. కౌన్సిల్ ఉన్నది పేషెంట్ కోసం. మంచం పక్కన నిలబడే మనిషికి చదువు, అర్హత ఉన్నాయని అది మనకిచ్చే హామీ. నర్సు కోసం మాట్లాడాల్సింది సంఘాలు. 1908 నుంచీ ఉన్న ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అలాంటిదే. ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టుకి వెళ్లింది ఆ సంఘమే. 2016లో కోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని కమిటీ చెప్పింది. 100 దాటితే ఆ జీతం కన్నా 10 శాతానికి మించి, 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా నెలకి కనీసం 20,000 ఇవ్వాలి. అయితే ఇది సిఫార్సు. అమలు చేయాల్సింది రాష్ట్రాలు.

ఇదంతా చదివి వినిపించా. అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"మాది నలభై పడకలు. ఇరవై వేలా?" అంది మెల్లగా. ఎనిమిదేళ్లలో ఆ మాట ఆమెకి చెప్పినవాళ్లు లేరు. నైట్ డ్యూటీల మధ్య వెతుక్కునే తీరికా లేదు.

ఇంతలో ఓటీపీ వచ్చింది. ఫారం సబ్మిట్ చేశాం. అమ్మయ్య, పెట్టేద్దాం అనుకుంటుండగా అక్కే ఆపింది.

"ఒరేయ్, ఆ హైదరాబాద్ హాస్పిటల్ ఉంది చూడూ... దానికి బెడ్లెన్నో కనుక్కో."