ఓడ ఎక్కనన్న సిపాయిలు

జర్మనీలో ఉంటున్న భారతీయులం స్వాతంత్ర్య పోరాటం గురించి మాట్లాడుకోవలసి వచ్చినప్పుడల్లా నేతాజీ దగ్గర మొదలుపెట్టి నేతాజీ దగ్గరే ముగిస్తాం. 1941లో ఆయన బెర్లిన్ రావడం, యుద్ధఖైదీలతో ఆజాద్ హింద్ పటాలం కట్టడం అందరికీ తెలిసిన కథే. అంతకు పాతికేళ్ల ముందే, మొదటి ప్రపంచయుద్ధంలో, ఇదే బెర్లిన్ నుంచి మన సిపాయిలను తిరగబడమని పిలుపులు వెళ్లాయి. ఆ రోజుల్లోనే సింగపూరులో ఒక పటాలం నిజంగానే తిరగబడింది. 47 మందిని వరసగా నిలబెట్టి కాల్చి చంపారు. ఆ సంగతి మన సభల్లో ఎప్పుడూ వినబడదు. ఎందుకని?

ముందు జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. 1915 ఫిబ్రవరి 15, సోమవారం. చైనా కొత్త సంవత్సరం సెలవులతో సింగపూరు సందడిగా ఉంది. అక్కడ కాపలాకి ఉన్నది బ్రిటిష్ ఇండియా సైన్యానికి చెందిన ఐదవ లైట్ ఇన్‌ఫెంట్రీ. సుమారు 800 మంది, ఉత్తరాది ముస్లిం సిపాయిలు. మర్నాడు వాళ్లు ఓడ ఎక్కాలి. హాంకాంగ్ వెళ్లడానికని పైవాళ్లు చెప్పారు. టర్కీ మీద యుద్ధానికి పంపుతున్నారని బారకాసుల్లో పుకారు. టర్కీ సుల్తాను వాళ్లకి ఖలీఫా. ఆయన అప్పటికే జర్మనీ పక్షాన యుద్ధంలో దిగాడు. మత విశ్వాసం ఒకటే కారణం కాదు. ప్రమోషన్ల విషయంలో పటాలంలో ముఠాలు, కల్నల్ అంటే తోటి అధికారులకే గిట్టకపోవడం, అమెరికా నుంచి గదర్ పార్టీ పంపుతున్న కరపత్రాలు, అన్నీ కలిశాయి.

ఇంకొకటి కూడా ఉంది. 1914 సెప్టెంబరులో మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గుర్తుందా? ఆ నౌక ధ్వంసమయ్యాక, దాని తాలూకు ఖైదీలను సింగపూరులోని టాంగ్లిన్ శిబిరంలో పెట్టారు. వాళ్లకి కాపలా కాసింది ఈ సిపాయిలే! తెల్లవాడు ఓడిపోగలడని చెప్పే తెల్లవాళ్లు రోజూ కళ్లెదుట ఉన్నారన్నమాట. తిరుగుబాటు మొదలైన మధ్యాహ్నమే సిపాయిలు టాంగ్లిన్ వెళ్లి శిబిరం తలుపులు తెరిచారు. మాతో కలిసి రండి అన్నారు. జర్మన్లు రాలేదు. కొద్దిమంది దొరికిన సందులో పారిపోయారు. మిగిలినవాళ్లు శిబిరంలోనే ఉండిపోయారు. నాయకత్వం లేక, తరవాత ఏం చెయ్యాలో తెలియక, సిపాయిలు ఊళ్లోకి చెదిరిపోయారు. నలభై మందికి పైగా చనిపోయారు. అందులో బ్రిటిష్ సైనికులున్నారు, నిరాయుధులైన పౌరులూ ఉన్నారు. దాన్ని దాచి రాసే చరిత్ర మనకి అక్కర్లేదు.

అణచివేతకి ఎవరెవరు వచ్చారో చూడండి. బ్రిటిష్ నావికులు, జొహోర్ సుల్తాను సేన, ఫ్రెంచి, రష్యన్, జపాన్ యుద్ధనౌకల సిబ్బంది, చివరికి రంగూన్ నుంచి ఇంకో బ్రిటిష్ పటాలం. నాలుగు సామ్రాజ్యాలు కలిసి ఒక పటాలంలో సగం మందిని వేటాడాయి. తరవాత కోర్టు మార్షల్. రెండు వందల మందికి పైగా విచారణ. 47 మందికి మరణశిక్ష, 64 మందికి ద్వీపాంతరం, 73 మందికి ఏళ్ల తరబడి జైలు. ఔట్రం రోడ్డు జైలు గోడ బయట, జనం చూస్తుండగా కాల్చారు. మార్చి 25న ఒక్కరోజే 20 మందికి పైగా. చూడడానికి వచ్చినవాళ్లు దాదాపు 15,000 మంది. చంపడం కంటే చూపించడమే అక్కడ ముఖ్యం.

ఇక బెర్లిన్ సంగతి. 1914లో ఇక్కడ ఏర్పడిన భారత స్వాతంత్ర్య కమిటీలో ముఖ్యుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. బెంగాలీ కుటుంబమే గాని పుట్టింది హైదరాబాదులో, సరోజినీ నాయుడికి స్వయానా తమ్ముడు. జర్మన్ విదేశాంగ శాఖ డబ్బుతో కమిటీ నడిచింది. బెర్లిన్‌కి దక్షిణాన వ్యున్స్‌డోర్ఫ్‌లో 'అర్ధచంద్ర శిబిరం' పేరిట ముస్లిం, భారతీయ యుద్ధఖైదీలకి ప్రత్యేక శిబిరం పెట్టారు. 1915లో చెక్కతో మసీదు కట్టించారు. హిందీ, ఉర్దూల్లో పత్రిక పంచారు. పక్షం మార్చి బ్రిటన్ మీద తిరగబడమని నూరిపోశారు. సింగపూరు బారకాసులకి బెర్లిన్ నుంచి నేరుగా ఆదేశాలు వెళ్లాయా అనేదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ దేశదేశాల్లో భారతీయ సిపాయిలను కదిలించాలన్న పథకంలో బెర్లిన్ భాగస్వామి అన్నదాంట్లో సందేహం లేదు.

మరి స్వేచ్ఛ గురించి మనవాళ్లకి పాఠం చెప్పిన జర్మనీ తన వలసల్లో ఏం చేసింది? 1893 డిసెంబరులో కామెరూన్‌లోని దువాలాలో, జీతం లేకుండా పని చేయించుకుంటున్న దహోమీ సైనికులు తిరగబడ్డారు. కారణం, లైస్ట్ అనే అధికారి వాళ్ల భార్యలను వాళ్ల ఎదుటే బట్టలూడదీసి కొరడాలతో కొట్టించడం. నౌకాదళాన్ని దించి అణిచేశారు, పట్టుబడ్డవాళ్లను ఉరితీశారు. 1904 నుంచి 1908 దాకా నమీబియాలో హెరెరో, నామా ప్రజల మీద జరిగిన మారణహోమాన్ని జర్మనీ ఒప్పుకోవడానికి 2021 దాకా పట్టింది. అందులోనూ ఎంత పొదుపుగా మాటలు వాడారో మనం చూశాం. ఇంకో విడ్డూరం వినండి. సింగపూరు పటాలంలో మిగిలినవాళ్లను బ్రిటిష్‌వాళ్లు 1915లోనే ఎక్కడికి పంపారు? జర్మన్లతో పోరాడడానికి, కామెరూన్‌కి! ఒక యజమాని మీద తిరగబడ్డ పటాలాన్ని ఇంకో యజమాని వలసలోకి తోలారు.

సింగపూరు తిరుగుబాటు మతపరమైనది, జాతీయోద్యమం కాదు కాబట్టి మనం తలుచుకోనక్కర్లేదు అనే మిత్రులున్నారు. ఈ వాదన ఒప్పుకుంటే 1806 వేలూరుని కూడా వదులుకోవాలి. అక్కడ మొదలైంది తలపాగా దగ్గర, గడ్డం దగ్గరే కదా. అంతకంటే ముందు మన విశాఖపట్నం ఉంది. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే ఎక్కమని కంపెనీ సిపాయిలు తుపాకులు ఎదురు తిప్పారు. సుబేదారు షేక్ అహ్మద్ వాళ్లకి నాయకుడు. 1857కి ఇంకా 77 ఏళ్లుంది! వీళ్లెవరూ రాజ్యాంగం చదివి తిరగబడలేదు. ఎవరి కోసమో, ఎవరి మీదకో, ఎందుకో చెప్పకుండా ఓడ ఎక్కించడాన్ని ఎదిరించారు. వలస సైన్యంలో అంతకంటే పెద్ద రాజకీయ ప్రశ్న ఏముంటుంది?

అయితే ఈ కథలో ప్రవాసులమైన మనకి సూటిగా తగిలే విషయం ఇంకొకటుంది. కమిటీ బెర్లిన్‌లో ఉంది, తుపాకులకి ఎదురు నిలబడ్డవాళ్లు సింగపూరులో ఉన్నారు. చట్టోపాధ్యాయ త్యాగాన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఆయన మళ్లీ ఇల్లు చూడలేదు. 1937లో మాస్కోలో, తను నమ్మిన రాజ్యం చేతిలోనే చనిపోయాడు. కానీ దూరం నుంచి చేసే రాజకీయంలో ఒక ప్రమాదం ఉంది. మాట మనది, దెబ్బలు పడే వీపు ఇంకొకరిది. బ్లూ కార్డో విదేశీ పాస్‌పోర్టో జేబులో ఉన్న మనకి ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం ఐదు నిమిషాల పని. ఆ ప్రచారాన్ని చూపించే ఊళ్లో కార్యకర్త ఇంటి తలుపు పోలీసులు తడతారు. అలాగని నోరు మూసుకుని కూర్చోమని కాదు. పిలుపు ఇచ్చేముందు అక్కడివాళ్లని అడగాలి. కేసులు పడితే లాయరు ఖర్చుకీ, ఆ కుటుంబానికీ చివరిదాకా నిలబడాలి. టాంగ్లిన్‌లో తలుపు తెరిస్తే బయటికి రాని జర్మన్లలాగా మనం మిగలకూడదు. అలాగే, మనకి వేదిక ఇచ్చే ప్రభుత్వం ఎవరిదైనా, దాని అవసరం తీరాక మనవాళ్ల గతేమిటని ముందే అడగాలి.

ఇక చెయ్యగలిగిన పనులు. సింగపూరులో తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయినవాళ్లకి స్మారక ఫలకాలున్నాయి, వీధులకి పేర్లున్నాయి. గోడ దగ్గర కూలినవాళ్లకి అలాంటి గౌరవం దక్కలేదు. ఇక్కడ వ్యున్స్‌డోర్ఫ్ పక్కనే ట్సేరెన్స్‌డోర్ఫ్‌లో 206 మంది భారతీయుల సమాధులున్నాయి. బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం శబ్ద భాండారంలో ఆ ఖైదీల గొంతుల రికార్డులున్నాయి. మన పిల్లల స్కూళ్లలో వలసల చరిత్ర చెప్పేటప్పుడు ఇవి ఎందుకు రావని తల్లిదండ్రులుగా అడగవచ్చు. 2022లో బెర్లిన్‌లో ఒక వలసవాది పేరున్న కూడలికి, 1914లో జర్మన్లు ఉరితీసిన దువాలా రాజు మాంగా బెల్ పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన ఫలితమది. అడిగినవాళ్లు ఎక్కువగా ఆఫ్రికన్ ప్రవాసులే. రాబోయే ఫిబ్రవరి 15న ట్సేరెన్స్‌డోర్ఫ్ వెళదామని ప్రతిపాదిస్తున్నాం. పూలతో పాటు పిల్లలనీ తీసుకురండి.