పశువైద్యుడు కాపాడేది పశువునేనా?

ఉద్యోగకాలంలో జహీరాబాద్ సమీప గ్రామం నుండి ఒక పాడిరైతు నా వద్దకు వచ్చాడు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి. టైఫాయిడ్ అనుకొని మందులిచ్చాను. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మూడవసారి వచ్చినప్పుడు గాని పశువుల సంగతి అడగాలని నాకు తోచలేదు. చూడి బర్రె ఏడవ నెలలో ఈసుకుపోయిందనీ, మాయను తానే వట్టి చేతులతో తీశాననీ చెప్పాడు. రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ తేలింది.

ఈ వ్యాధికి మనుషులకు టీకా లేదు. సోకితే కనీసం ఆరు వారాలు రెండు రకాల యాంటీబయాటిక్ మందులు వాడాలి. పశువులకు మాత్రం టీకా ఉంది: పెయ్యదూడకు 4 నుండి 8 నెలల వయసులో, జీవితంలో ఒక్కసారి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో దీనిని ఉచితంగా వేస్తున్నారు. అది బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవి. సూది పొరపాటున గుచ్చుకుంటే వేసేవారికే ఆ జ్వరం రావచ్చు. ఆ ప్రమాదాన్ని పశువైద్య సిబ్బంది మన కోసం భరిస్తున్నారని ఎందరికి తెలుసు?

నా సర్వీసులో ఒక్కసారైనా పశువైద్యునికి ఫోన్ చేయలేదు. సిగ్గుతోనే చెబుతున్నాను. ఊరిలో పశువు ఈసుకుపోతే ఆ కబురు పశువైద్యశాల నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు చేరాలన్నది నా అభిప్రాయం. జ్వరంతో వచ్చిన రైతును కొట్టం గురించి అడగడం మా వైద్యుల పని.

రైతులు చేయవలసింది కొంత ఉంది. పాలు కాచి తాగండి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వేయక, చేతులకు తొడుగులు వేసుకొని సున్నం చల్లి లోతుగా పాతండి. 1962కు ఫోన్ చేయండి.